మా అత్త కాపలా కాసిన చల్లదనం

మా అత్త పోయింది. మే నెల, గురువారం, పొద్దున ఎనిమిది దాటి ఉంటుంది. ఛాతీలో నొప్పి అంటే మా ఆయన తెల్లవారుతూనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను పాపతో ఇంట్లో ఉండిపోయాను. ఫోను మోగింది. "ఏమ్మే, అమ్మ ఇంక లేదు" అన్నాడు.

ఆ క్షణంలో నాకు మొదట ఏం తోచిందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఏడుపు రాలేదు. ఆమె ముఖం కూడా గుర్తుకు రాలేదు. పాప నిద్రపోతున్న లోపలి గది వైపు చూసి, "ఇంక ఏసీని ఎవరు చూసుకుంటారు?" అనుకున్నాను. అత్త పోయిందని తెలిసిన నిమిషంలో ఏసీ గురించి ఆలోచించిన కోడలు ఈ జిల్లాలో ఇంకొకతె ఉండదు. మీరు నన్ను ఏమన్నా అనుకోండి గానీ, సంగతి పూర్తిగా విన్నాక అనుకోండి.

మా పాపకు పదకొండేళ్లు. పుట్టుకతోనే దానికి చెమట పట్టదు. చెమట పుట్టించే గ్రంథులు ఒంట్లో దాదాపు లేవన్నారు డాక్టర్లు. మనకు ఎండలో ఒళ్లు తడుస్తుంది, గాలి తగిలితే చల్లబడుతుంది. దానికి ఆ దారి లేదు. తిరుపతి ఎండలకు గాలి ఆడని చోట కాసేపు కూర్చుంటే చాలు, ఒళ్లు పెనంలా కాలిపోతుంది. ఇంకాసేపు అలాగే ఉంటే ఫిట్స్ వస్తాయి. అందుకని మా ఇంట్లో ఏసీ సుఖానికి పెట్టుకున్నది కాదు. మార్చి నుంచి జూన్ దాకా అది నడవాలి, అంతే. పదేళ్లు దాన్ని ఆగిపోనివ్వకుండా చూసుకున్నది మా అత్త. అక్షరం ముక్క రాదు. రిమోటు మీద అంకెలు మాత్రం గుర్తుపట్టేది.

ఆమె తిరుచానూరులో ఒక లాడ్జిలో గదులు తుడిచేది. ఇరవై రెండేళ్లు తుడిచింది. మోకాళ్లు మొరాయించేదాకా మానలేదు. నేను ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. పెళ్లయిన కొత్తలో స్టాఫ్ రూములో ఎవరో అడిగితే, "మా అత్త లాడ్జిలో సూపర్‌వైజర్" అని చెప్పేశాను. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి చివరికి ఆమె చెవిన పడింది. కోప్పడలేదు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమ్మే, సూపర్‌వైజర్ వచ్చినాది, కాఫీ ఇయ్యి" అంది. ఆ తర్వాత ఏడాది పాటు నన్ను ఏదైనా అడగాలన్నా, తిట్టాలన్నా "సూపర్‌వైజర్ సెప్తా ఉండాది, ఇనుకో" అనే మొదలుపెట్టేది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

పాపకు చెమట పట్టదని మొదట కనిపెట్టింది కూడా డాక్టర్లు కాదు, ఆ గదులు తుడిచే మనిషే. నెలల పిల్లగా ఉన్నప్పుడు పాపకు ఊరికే జ్వరం వచ్చేది. మందు వేస్తే తగ్గేది కాదు, సాయంత్రం గాలి తిరిగితే తనంతట తానే తగ్గేది. ఒకరు పాలు పడలేదన్నారు, ఒకరు దిష్టి అన్నారు. ఒకరోజు మా అత్త పాప కింద పరిచిన పాత చీర గుడ్డను మడుస్తూ ఆగిపోయింది. వాసన చూసింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇన్నేండ్లుగా జనాలు పండుకున్న దుప్పట్లు తీస్తా ఉండాను మే. మనిషి పండుకుంటే తలగడ మీద మరక పడాల్సిందే, సంటిబిడ్డయినా సరే. ఈ గుడ్డ సూడు, ఉతికి మడత పెట్టినట్టే ఉండాది. ఈ బిడ్డకి సెమట పట్టలేదు" అంది.

"చలవ ఒళ్లేమోలే అత్తా" అన్నాను, చదువుకున్నదాన్ని కదా.

మరునాడు ఆమె ఆ గుడ్డను సంచిలో పెట్టుకుని, పాపను భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరమ్మ గుడ్డ చూసి నవ్వలేదు. పాప పలచటి కనుబొమలు చూసింది, ఒంటి మీద చెయ్యి వేసి చూసింది, తర్వాత పరీక్షలు రాసింది. ఆ ఎండాకాలానికే మా లోపలి గదిలోకి ఏసీ వచ్చింది.

నేను మూడేళ్లు బడి మానేశాను. మా ఆయన శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి చీకటితో కంపెనీ బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి. మా అత్త పొద్దున డ్యూటీ చేసి, ఎండ ముదిరే లోపల ఇల్లు చేరేది. చేరగానే చేసే మొదటి పని, పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూడడం. రెండో పని, ఏసీ ముందు చెయ్యి పెట్టి చూడడం.

ఆ మొదటి ఎండాకాలంలోనే ఏసీ ఒకసారి మొరాయించింది. తప్పు మాదే, మా అమ్మదీ నాదీ. బిడ్డకు తలంటు పోస్తే సాంబ్రాణి వేయాలి కదా. మా అమ్మ మా ఇంట్లో నెలన్నర ఉండి, వారానికి రెండుసార్లు పాపకు నూనె రాసి, నీళ్లు పోసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి తల ఆరబెట్టేది. బయట వడగాలి కనుక ఏసీ గదిలోనే. తలుపు మూసి, ఏసీ నడుస్తుండగానే. గది నిండా పొగ కమ్ముకుంటే నాక్కూడా గుడిలో ఉన్నట్టు బాగుండేది. ఆ పొగ ఎటు పోతోందని ఇద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం ఏసీ గాలి కొడుతోంది గానీ చల్లదనం లేదు. ముక్కిన వాసన. గోడ వెంబడి నీళ్లు కారుతున్నాయి. నేను రిమోటు తీసుకుని పదహారుకు తగ్గించాను. చల్లబడలేదు. అటు పాప కళ్లు మూతలు పడుతున్నాయి, ఒళ్లు కాలిపోతూ ముట్టుకోనివ్వడం లేదు. తడి తువ్వాలు చుట్టి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ రెండు రోజులు నేను ఎన్ని మొక్కులు మొక్కానో ఇప్పటికీ అన్నీ తీర్చలేదు.

పాప కుదుటపడ్డాక మా అత్త ఇంటికొచ్చి, స్టూలెక్కి, ఏసీ ముందు మూత ఎత్తి, లోపలి ఫిల్టర్ బయటికి లాగింది. ఆమె దాన్ని జల్లెడ అనేది. నల్లగా, జిడ్డుగా, వంటింట్లో పొగ పట్టిన కిటికీ జాలీలా ఉంది. దాన్ని నా ముక్కు దగ్గర పెట్టింది. సాంబ్రాణి వాసన.

"ఇది దీని ముక్కు మే. గదిలో గాలంతా ఈడ నుంచి పీల్సుకుని, సల్లబరిసి మళ్లా వదలతాది. నెలన్నరగా దీని ముక్కులో పొగ పెట్టినారు మీరు. ఇంకెట్ట పీలుస్తాది?"

అంతే అంది. గొంతు పెంచలేదు. కుంకుడు రసంలో నానబెట్టి ఆ జల్లెడను తనే కడిగింది. లోపలి సన్నటి రేకులను మాత్రం ముట్టుకోలేదు. "ఇవి వొంగిపోతే గాలి దూరదు. దీనికి మెకానిక్కు రావాల్సిందే" అని లాడ్జికి వచ్చే మెకానిక్కును పిలిపించి నీళ్లతో కడిగించింది. అతను పని చేస్తున్నంతసేపూ స్టూలు పట్టుకుని నిలబడి, ఇదేమి, అదేమి అని అతన్ని నమిలేసింది.

అప్పుడు మా అమ్మ భయంభయంగా వచ్చి, ఏసీ ఎట్ల చెడిపోయిందని అడిగింది. మనవరాలిని ఆసుపత్రి పాలు చేసింది తన సాంబ్రాణేనని తెలిస్తే మా అమ్మ ఇంక ఆ గడప తొక్కదు. మా అత్త తల కూడా తిప్పకుండా, "బయట పెట్టెలో బల్లి దూరి సచ్చింది వదినా. కరెంటు వైర్లు కాలిపోయినాయి" అంది.

మా అమ్మ ఇంకా హడలిపోయింది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో బల్లి చావడమా! ఆ శుక్రవారమే బస్సెక్కి కంచికి పోయి, బంగారు బల్లిని తాకి, ప్రసాదం పట్టుకుని వచ్చింది. మా అత్త ఆ ప్రసాదాన్ని కళ్లకద్దుకుని, "మంచి పని సేసినావు వదినా. ఇంకోటి, సాంబ్రాణి ఇంక మీద మిద్దె మెట్ల కాడ ఏద్దాం. పొగకి బెదిరి బల్లులు పెట్టెలోకి దూరతా ఉండాయంట" అంది, మొహంలో ఒక్క గీత కదలకుండా. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మా అమ్మ ఈ రోజుకీ సాంబ్రాణి మెట్ల దగ్గరే వేస్తుంది. ఆమె ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

మా అత్త చదువంతా ఆ లాడ్జే. కొండ మీద గుండు చేయించుకుని, అమ్మవారిని చూసుకోవడానికి తిరుచానూరు దిగి వచ్చే భక్తులు తలకు రాసుకున్న చందనం ఎండి, గదిలో పొడి పొడిగా రాలుతుంది. మెడ మీద మిగిలిన నలక వెంట్రుకలూ రాలతాయి. రెండూ ఏసీ జల్లెడలోకి పోయి అతుక్కుంటాయి. మిగతా గదుల్లో నెలకొకసారి కడిగితే సరిపోయే జల్లెడ, గుండ్ల కుటుంబాలు దిగే గదుల్లో వారానికే దుప్పటి ముక్కలా తయారవుతుందని ఆమె చెప్పేది. ఆ సంగతి మేనేజరుకు తెలియదు, మెకానిక్కుకు తెలియదు. తుడిచేవాళ్లకు తెలుసు. ఇంట్లో రెండు వారాలకొక శనివారం తప్పకుండా కడిగేది. కొళాయి కింద పెట్టి కడిగి, నీడనే ఆరబెట్టేది. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోయి మళ్లీ సరిగ్గా కూర్చోదని.

తడి పంచెలు ఏసీ రెక్క మీద ఆరేసే వాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. "సామి దర్శనానికి వచ్చి ఈడ దండెం కడతారు" అని తిట్టుకుంటూ పంచె తీసి మడత పెట్టి, వాళ్ల మంచం మీదే పెట్టి వచ్చేది. పదహారులో పెట్టే వాళ్లను ఇంకా తిట్టేది. "పదహారులో పెడితే తొందరగా సల్లబడతాదనుకుంటారు. దాని పరుగు అది పరిగెత్తతాది, మనం బెదిరిస్తే జాస్తి పరిగెత్తదు." మా ఇంట్లో ఇరవై ఐదు మీద పెట్టి, మెల్లగా ఫ్యాను తిప్పేది. కరెంటు పోయి వస్తే వెంటనే ఏసీ వేయనిచ్చేది కాదు. గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని, కూర్చుని, నింపాదిగా తాగి, అప్పుడు లేచి స్విచ్చి వేసేది. మిషనును మూడు నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వాలి, దానికి ఆమె కొలత అది.

ఆమె దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు. ఒక ఏడాది లాడ్జి మెకానిక్కు ఊళ్లో లేడని మా ఆయన ఇంకెవరినో పిలుచుకొచ్చాడు. ఆ అబ్బాయి ఏసీని రెండు నిమిషాలు చూసి, "గ్యాస్ అయిపోయిందక్కా, నింపాల" అన్నాడు. మా అత్త గడప మీద కూర్చుని వక్క నములుతోంది.

"ఎట్ట అయిపోయింది నాయనా?"

"వాడతా ఉంటే అయిపోతాదమ్మా."

"అదేమన్నా పొయ్యి సిలిండరా, వాడే కొద్దీ అయిపోయేదానికి? లోపలే తిరగతా ఉండేది యాడికి పోతాది? యాడో కారితేనే పోవాల. కారే తావు సూపించు, ఆ తర్వాత నింపుదువు."

అతను గొట్టాల మీద సబ్బు నురగ రాసి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. చివరికి చూస్తే మిద్దె మీది బయటి పెట్టెకు మా ఆయన ఎండ తగలకుండా పాత ఫ్లెక్సీ బ్యానరు చుట్టి, తాడుతో కట్టి ఉన్నాడు. చుట్టూ గాలి ఆడక అది లోపలే ఉడికిపోతోంది. బ్యానరు విప్పగానే అరగంటలో గది చల్లబడింది. ఫ్యాక్టరీలో మిషన్ల మీద పనిచేసే మనిషి మా ఆయన! ఆ రోజు భోజనాల దగ్గర మా అత్త ఆయన్ను వదిలిపెట్టలేదు. "నీకు దుప్పటి కప్పి ఎండలో నిలబెడితే తెలుస్తాది" అంది.

ఆమెకు తన ఇల్లు, పరాయి ఇల్లు అనే తేడా లేకపోవడం ఒక్కటే నాకు ఇబ్బంది. మా మరిదికి పలమనేరులో సంబంధం చూడడానికి పోయాం. పలమనేరు చల్లటి ఊరు, అక్కడ ఏసీతో పనేముంది? అయినా వాళ్లు హాల్లో పెట్టుకున్నారు, మేము వచ్చామని వేశారు. ఏడాదంతా ముట్టనిది, ఒక్కసారిగా వేస్తే ఊరుకుంటుందా? పెళ్లికూతురు కాఫీ తెచ్చే సమయానికి పెళ్లికూతురి నాయన భుజం మీద టపటపా నీళ్లు పడడం మొదలైంది. వాళ్లు సిగ్గుపడిపోతున్నారు. మా అత్త లేచి చీర చెక్కుకుంది. "పరక పుల్ల ఒకటి ఇయ్యమ్మా" అని పెళ్లికూతురినే అడిగి, పెరట్లోకి పోయి, గోడ బయట నీళ్లు కారే గొట్టం చివర చూసింది. పురుగు మట్టితో గూడు కట్టి మూసేసింది. పుల్లతో పొడిచి మట్టి తీసింది. గొట్టం కొనను మొక్కలకని బక్కెట్టు నీళ్లలో ముంచి పెట్టారు, దాన్నీ పైకి లేపి కట్టింది. "కొన నీళ్లలో మునిగితే లోపలి నీళ్లు బయటికి రావు. వాడినా వాడకున్నా ఎండలు రాకముందే ఒకసారి సూసుకోవాల" అని వాళ్లకు పాఠం చెప్పింది. సంబంధం కుదరలేదు. కానీ ఆ ఇంటివాళ్లు ప్రతి మార్చిలోనూ ఆమెకు ఫోన్ చేసి, ఏసీ వేయమంటావా అని అడిగేవాళ్లు. మా మరిదికి తర్వాత పుంగనూరు అమ్మాయితో పెళ్లయింది.

ఒకసారి పాప అడిగింది, ఆ పెట్టెలో చల్లదనం ఎక్కడి నుంచి వస్తుందని. నేను సైన్సు పుస్తకం కోసం వెతుకుతున్నాను. మా అత్త దాన్ని ఎండపొద్దున గొడుగు పట్టి మిద్దె మీదికి తీసుకుపోయి, బయటి పెట్టె ముందు ఒక్క క్షణం నిలబెట్టింది. వేడి గాలి మొహాన కొట్టేసరికి పాప వెనక్కి దూకింది. "సల్లదనం యాడా పుట్టదు పాపా. నీ గదిలో ఉండే ఉడుకును ఎత్తి ఈడ పారబోస్తా ఉండాది. అంతే దాని పని" అంది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నాకు అంత బాగా చెప్పడం ఈ జన్మకు రాదు. ఆ మాట గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక గది చల్లగా ఉండాలంటే ఆ వేడిని ఎవరో ఒకరు మోసుకుపోయి బయట పడేయాలి. మా ఇంట్లో ఆ పని రెండు చేసేవి, ఒకటి గోడకు ఉండేది, ఇంకొకటి గడప మీద కూర్చుని వక్క నమిలేది.

నాకు నేర్పాలని ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. "ఒకసారి నువ్వు స్టూలెక్కు మే, నేను పట్టుకుంటా. సూస్తేనే కదా వచ్చేది" అనేది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, "నువ్వున్నావు కదా అత్తా" అనేదాన్ని. ఆమెకు ఆ మాట ఇష్టంగానే ఉండేదని నా అనుమానం. ఇద్దరం కలిసి చేసిన తప్పు అది. ఇప్పుడు రెండు వారాలకొక శనివారం నేనే ఎక్కుతున్నాను. మొదటిసారి జల్లెడ ఎటు లాగాలో తెలియక స్టూలు మీద నిలబడి ఏడ్చాను. పాప కింద నుంచి, "పైకెత్తి, నీ వైపుకు లాగమ్మా, అవ్వ అట్టనే తీస్తాది" అని చెప్పింది. నా కంటే అదే బాగా చూసి పెట్టుకుంది.

ఆ గురువారం సంగతి ఇంకా చెప్పలేదు.

పదిన్నరకు ఆమెను ఇంటికి తెచ్చారు. మా మరిది లారీ డ్రైవరు. ఆ పొద్దుకు నాగపూర్ దగ్గర ఉన్నాడు. ఎంత తొక్కుకుంటూ వచ్చినా మరునాడు మధ్యాహ్నం దాటుతుంది. చిన్నకొడుకు చూడకుండా ఎట్లా ఎత్తుతామని పెద్దవాళ్లు ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. హాలు మధ్యలో పెట్టి, అందులో ఆమెను పడుకోబెట్టి, అద్దం మూత వేశారు. ఇల్లంతా జనం. మా మరిది వీడియోలో ఒకసారి చూపించమన్నాడు, అద్దం నిండా ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. తుడిస్తే మళ్లీ పట్టింది. "రేపు వస్తా కదా, అప్పుడు సూస్తాలే" అని పెట్టేశాడు.

పెట్టె రాకముందే పాపను లోపలి గదిలో ఉండమని చెప్పి ఉన్నాను. కాసేపు ఉంది. పెట్టె దించగానే వచ్చి దాని పక్కన కూర్చుంది. నన్ను ఆడవాళ్లు పట్టుకుని ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను. ఎంతసేపయిందో తెలియదు. పాప అద్దానికి చెంప ఆనించి కళ్లు మూసుకుని ఉంది. "అవ్వను ఇడిసిపెట్టలేక ఉండాదే బిడ్డ" అని ఒకావిడ అనేసరికి అందరూ ఇంకా గట్టిగా ఏడ్చారు. నేనూ అదే అనుకున్నాను. కాసేపటికి పాప రెండో చెంప ఆనించింది. తర్వాత రెండు అరచేతులు. తర్వాత మెడ.

అప్పుడు నాకు తెలిసింది. లేచి పోయి ముట్టుకుంటే ఒళ్లు నిప్పు. ఎత్తుకుని లోపలి గదికి పరిగెత్తాను. గది ఉడికిపోతోంది. ఏసీ ఆగిపోయి ఉంది. ఏసీ ప్లగ్గు నేల మీద పడి ఉంది, దాని చోట పెట్టె వైరు పెట్టి ఉంది.

"ఎవురు పీకినారు?" అని అరిచాను.

మా చిన్నమామ, అంటే మా మామగారి తమ్ముడు, గుమ్మంలోకి వచ్చాడు. "పెట్టెకి పెద్ద ప్లగ్గు కావాలన్నారు మే. మీ ఇంట్లో ఉండేది ఇదొకటే. బిడ్డ హాల్లోనే ఉండాది కదా అని..." కావాలని చేసింది కాదు.

మా ఆయన పెట్టె వైరును హాల్లో చిన్న ప్లగ్గుకు పెట్టి ఏసీ వేశాడు. రెండూ ఒకేసారి లాగేసరికి మెయిన్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోయింది, మళ్లీ వేశారు. ఎదురింటి నుంచి వైరు లాగారు. ఎండపొద్దు మా వీధిలో వోల్టేజీ సంగతి తెలిసిందే, పెట్టె మూలిగింది గానీ తిరగలేదు, వైరును మళ్లీ పెద్ద ప్లగ్గుకే తెచ్చి పెట్టారు. జనరేటరు సాయంత్రానికి గానీ దొరకదన్నాడు పెట్టె తెచ్చిన అబ్బాయి. పాపను ఎవరింటికైనా పంపుదామంటే, శవం లేచేదాకా అంటు. ఎవరూ రమ్మనలేదు, నేను అడగలేదు. ఇటు మా అత్త, అటు పాప. ప్లగ్గు ఒకటి.

నేను పెట్టె వైరు పీకేశాను. ఏసీది పెట్టాను.

పెట్టె చప్పుడు ఆగిపోయింది. దానితో పాటు ఇంట్లో ఏడుపులూ ఆగిపోయాయి. పాపకు తడి తువ్వాలు చుట్టి, మా ఆయన్ను దగ్గర కూర్చోబెట్టి, తలుపు మూసి బయటికి వచ్చాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"చిన్నోడు రేపొచ్చి ఏం సూస్తాడు మే?" అన్నాడు చిన్నమామ. తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు. "తల్లి మొగం సూడకుండా సేస్తామా?"

మూత తీయకుంటే మూడు నాలుగు గంటలు చల్లగానే ఉంటుందన్నాడు పెట్టె అబ్బాయి. అంటే పొద్దు వాలే లోపల ఎత్తేయాలి. ఆ మాట మా మరిదికి ఎవరు చెప్పాలని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పీకింది నేను. నేనే ఫోన్ చేశాను. లోపలికి ఒకసారి పోయి పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూసి వచ్చి, అప్పుడు చేశాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను లారీని రోడ్డు పక్కకు తీసి ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత అడిగాడు.

"బిడ్డకి ఇప్పుడెట్ట ఉండాది వదినా?"

"తగ్గతా ఉండాది. కళ్లు తెరిసినాది. నీళ్లు తాగినాది."

"అయితే ఇంకేం. అమ్మయితే ఆ పెట్టెను ఈది సివర్న ఇసిరేసి ఉంటాది. నా కోసరం ఆగద్దండి, కానిచ్చేయండి." మళ్లీ తనే, "ఒక్కసారి సూపించు" అన్నాడు.

ఫోను పట్టుకుని పెట్టె దగ్గర కూర్చున్నాను. పెట్టె ఆగి అద్దం చల్లదనం తగ్గే కొద్దీ ఇందాకటి ఆవిరి అంచుల నుంచి ఆరుతూ వస్తోంది. మొదట నుదురు కనిపించింది. తర్వాత ముక్కుపుడక, మూసిన పెదవులు, గడ్డం కింద కట్టిన గుడ్డ. ఇందాక ఎంత తుడిచినా నిలవని అద్దం ఇప్పుడు దానంతట అదే తేటపడింది.

"కనపడతా ఉండాది వదినా" అన్నాడు. "బాగా కనపడతా ఉండాది. అట్టనే పట్టుకో."

అలాగే పట్టుకున్నాను. లోపల మూసిన తలుపు వెనక ఏసీ నడుస్తోంది. చెయ్యి లాగేస్తున్నా దించలేదు. అతను ఆ రోడ్డు పక్కన నిలబడి వాళ్లమ్మను చూస్తూనే ఉన్నాడు.